పొడగరులకు చిన్న స్పోర్ట్స్ కారు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరడుగులు దాటినవాళ్లు ముచ్చటపడి రెండు సీట్ల కారు కొనుక్కోవడం, నెల తిరక్కుండానే మెడ పట్టేసిందనో, మోకాలు స్టీరింగ్‌కు తగులుతోందనో షెడ్ల చుట్టూ తిరగడం హైదరాబాద్‌లో తరచూ కనిపించేదే. బీఎండబ్ల్యూ జెడ్4, పోర్షే బాక్స్‌స్టర్, ఆడి టీటీ లాంటి కార్లకూ, రూఫ్ తక్కువగా ఉండే చిన్న హాచ్‌బ్యాక్‌లకూ ఈ జవాబులు పనికొస్తాయి. కొలతలు మి.మీ.లో ఇచ్చాం. ఈ పనిలో పది మి.మీ. కూడా చాలా పెద్ద తేడా.

నా ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. నాకు ఈ కారు సరిపోతుందా?

ఎత్తు ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. చూడాల్సింది కూర్చున్నప్పటి ఎత్తు. గట్టి స్టూలు మీద గోడకు వీపు ఆనించి నిటారుగా కూర్చోండి. తల మీద అట్ట పుస్తకం పెట్టి గోడ మీద గీత గీయించుకుని, స్టూలు పైభాగం నుంచి ఆ గీత దాకా టేపుతో కొలవండి. మామూలుగా ఇది మొత్తం ఎత్తులో 52 శాతం దగ్గర ఉంటుంది. అంటే 188 సెం.మీ. మనిషికి 97, 98 సెం.మీ. వస్తుంది. కానీ ఒకే ఎత్తున్న ఇద్దరిలో కాళ్లు పొడుగైనవాళ్లు ఒకరు, నడుం పైభాగం పొడుగైనవాళ్లు ఒకరు ఉంటారు. ఇద్దరి మధ్య ఐదు సెం.మీ. తేడా వచ్చినా ఆశ్చర్యం లేదు. మొదటివాళ్ల ఇబ్బంది స్టీరింగ్, పెడల్స్ దగ్గర. రెండోవాళ్ల ఇబ్బంది రూఫ్ దగ్గర. ఇద్దరికీ చేయాల్సిన పనులు వేరు. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోకుండా డబ్బు పెట్టొద్దు.

ఆ తర్వాత కారులో కూర్చుని చూడాలి. రోజూ నడిపేటప్పుడు వేసుకునే షూసే వేసుకోండి. సీటు పూర్తిగా కిందికి దించి ఇవి చూడండి:

- క్లచ్ అడుగుదాకా తొక్కినప్పుడు మోకాలు ఇంకా కొంచెం వంగే ఉండాలి.
- భుజాలు సీటుకు ఆనించే ఉంచి చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి.
- తలకీ రూఫ్‌కీ మధ్య కనీసం మూడు వేళ్లు, అంటే 50 మి.మీ. పట్టాలి. నాలుగు వేళ్లు పడితే నిశ్చింత.
- ఛాతీ మధ్య ఎముక నుంచి స్టీరింగ్ మధ్యలోని ఎయిర్‌బ్యాగ్ మూత దాకా 25 సెం.మీ. తగ్గకూడదు.
- కాలు బ్రేక్ మీద ఉండగా స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి. చేయి మోకాలికి తగిలితే నోట్ చేసుకోండి.

షోరూమ్‌లో రెండు నిమిషాలు కూర్చుంటే ఏ కారైనా బాగానే ఉంటుంది. అరగంట నడపనివ్వమని అడగండి. అందులో స్పీడ్ బ్రేకర్లున్న ఒక కాలనీ రోడ్డు, జాయింట్లున్న ఒక ఫ్లైఓవర్, కొంచెం ఔటర్ రింగ్ రోడ్డు ఉండేలా చూసుకోండి. మెడ పట్టేస్తోందా లేదా అన్నది ఇరవయ్యో నిమిషం దాటాకే తెలుస్తుంది.

పైసా ఖర్చు లేకుండా ఏం చేయొచ్చు?

చాలానే చేయొచ్చు. సగం మందికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

ముందు సీటు వీపుభాగం. నిలువు నుంచి 20 డిగ్రీలు వాల్చిన సీటును 26, 27 డిగ్రీలకు వాలిస్తే తల దగ్గర దాదాపు 30 మి.మీ. కలిసొస్తుంది. వాల్చిన ప్రతిసారీ స్టీరింగ్‌ను మీ వైపు లాక్కోవాలి, లేకపోతే భుజాలు ముందుకు వంగి నొప్పి పుడుతుంది. 30 డిగ్రీలు దాటనివ్వకండి. అంతకు మించి వాలితే గుద్దుకున్నప్పుడు నడుం బెల్టు కిందినుంచి శరీరం ముందుకు జారిపోతుంది, బెల్టు కడుపులోకి దిగుతుంది.

సీటు అడుగుభాగం వంపు మార్చుకునే వీలుంటే వెనకభాగం దించండి. దాంతో తల కిందికి వస్తుంది, తొడలకు ఆసరా దొరుకుతుంది. స్టీరింగ్ మొదట పూర్తిగా పైకెత్తి, మీటర్లు కనపడేంతవరకే దించుకోండి. మందపాటి అడుగున్న షూ మానేసి పల్చటి అడుగున్నది వేసుకుంటే మోకాలు 10 నుంచి 15 మి.మీ. దిగుతుంది.

సీటు ఫోమ్ కోయిస్తే ఎంత కిందికి దిగుతాను? ఎలా చేయాలి?

రూఫ్ తగిలేవాళ్లకు ఇంతకంటే మంచి మార్గం లేదు. ఖర్చు తక్కువ, సీటు కంపెనీదే, బెల్టూ ఎయిర్‌బ్యాగూ ఎక్కడివక్కడే ఉంటాయి. 30 మి.మీ. కోస్తే 30 దిగరు. మీ బరువుకు ఆ ఫోమ్ ముందే కొంత అణిగి ఉంటుంది కాబట్టి 20 మి.మీ. దాకా వస్తుంది. అదే చాలా పెద్ద తేడా.

పని ఈ వరసలో జరగాలి.

1. కరెంటు సీటైతే బ్యాటరీ తీయకముందే సీటు ముందుకు జరిపి వెనక బోల్టులు రెండూ, వెనక్కి జరిపి ముందు బోల్టులు రెండూ వదులు చేసుకోండి. బ్యాటరీ తీసేశాక సీటు కదలదు. చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

2. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పి, పది నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో మిగిలిన కరెంటు దిగిపోవాలి. ఆ తర్వాతే సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు ముట్టుకోవాలి.

3. డోరు గడప మీద పాత దుప్పటి పరిచి, ఇద్దరు పట్టి సీటు బయటికి తీయండి. మోటర్లున్న సీటు బరువుగా ఉంటుంది. ఒక్కరే లాగితే స్లైడర్ (సీటు ముందుకూ వెనక్కీ జరిగే పట్టా) మొన తగిలి పెయింట్ లేచిపోతుంది.

4. కవర్ అంచున ఉన్న ప్లాస్టిక్ క్లిప్పులు ఊడదీసి, ఫోమ్‌లోని తీగకు కవర్‌ను పట్టి ఉంచే చిన్న ఇనుప రింగుల్ని కటింగ్ ప్లయర్‌తో తెంచండి. ఇవి మళ్లీ వాడలేం. కొత్తవి ఓ యాభై, వాటిని నొక్కే ప్లయర్ ముందే తెచ్చి పెట్టుకోండి.

5. కూర్చున్నప్పుడు ఒత్తిడి పడే రెండు ఎముకల చోటు ఫోమ్ మీద స్కెచ్‌పెన్‌తో గుర్తు పెట్టండి. రెండింటి మధ్య దూరం 100 నుంచి 130 మి.మీ. ఉంటుంది. ఫోమ్‌ను తిరగేసి, కింది వైపు నుంచి ఆ రెండు చోట్లనూ కలుపుతూ గుండ్రంగా కోయండి. పైవైపు కోస్తే గట్టిపడిన పై పొర పోతుంది, గుంటలు కవర్ మీద కనిపిస్తాయి.

6. మొదటిసారి 15 మి.మీ. మాత్రమే తీయండి. కవర్ తొడక్కుండా సీటు నేల మీద పెట్టి పది నిమిషాలు కూర్చోండి. చాలకపోతే ఇంకో 10. ఎముకల కింద 40 మి.మీ. ఫోమ్ మిగలాల్సిందే. ముందు అంచును, పక్క గట్లను అసలు ముట్టుకోవద్దు. తొడలను పట్టి ఉంచేది అవే.

7. రంపపు పళ్లున్న పొడవాటి బ్రెడ్ కత్తి బాగా కోస్తుంది. బ్లేడుతో చీలిస్తే ఎగుడుదిగుడుగా వస్తుంది. మిగిలిన గరుకును ముతక ఎమరీ పేపర్‌తో రుద్ది, పొడిని తడిగుడ్డతో తుడిచేయండి. ఆ పొడి స్లైడర్ గ్రీజులో పడితే సీటు జరిపినప్పుడల్లా కిర్రుమంటుంది.

8. తిరిగి బిగించేటప్పుడు నాలుగు బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగుస్తోందో చూపే పానాతో) బిగించాలి. ఈ బిగింపు బలం చాలా కార్లలో 40 నుంచి 50 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్లో అంకె ఏముంటే అదే ఖాయం. కనెక్టర్లన్నీ పెట్టాకే బ్యాటరీ కలపండి.

ఎక్కడ చెడుతుంది? ఎక్కువ కోసేస్తే గంట ప్రయాణానికే ఎముకలు కింది స్ప్రింగుల మీద ఆనుతాయి. దానికి తీసిన గుంటలో 10 మి.మీ. మందం, గట్టి రకం ఫోమ్ ముక్క అతికిస్తే సరిపోతుంది. మెమరీ ఫోమ్ మాత్రం పెట్టించొద్దు. మే నెల ఎండలో ఆగిన కారులో అది మెత్తబడి పూర్తిగా అణిగిపోతుంది. కోశాక కవర్ వదులై ముడతలు పడితే లోపలి తీగను కొంచెం లోతుగా లాగి రింగులు వేయించాలి. ఫోమ్‌లో హీటర్ తీగలు, గాలి గొట్టాలు ఉన్న సీట్లను అలవాటున్నవాళ్ల చేతికే ఇవ్వండి. పక్క సీటులో మనిషి ఉన్నాడో లేదో పసిగట్టే సెన్సర్ పట్టీ ఫోమ్‌లోనే ఉంటుంది. ఆ సీటు ఎవరి కోసమూ కోయొద్దు.

సీటు పెట్టాక ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోంది. ఏం చేయాలి?

సీటు విప్పి ఉండగా ఎవరో ఇగ్నిషన్ ఆన్ చేసి ఉంటారు, లేదా పసుపు కనెక్టర్ తాళం పూర్తిగా పడలేదు. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కండి. లైటు అప్పటికీ పోకపోతే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌ను చదవగలిగే స్కానర్‌తో కోడ్ చూసి చెరిపించాలి. ఇంజిన్ కోడ్లు మాత్రమే చదివే చిన్న స్కానర్ దీనికి చాలదు. బల్బు తీసేసి లైటు ఆర్పేస్తామనేవాళ్ల దగ్గర్నుంచి కారు వెంటనే తెచ్చేసుకోండి. ఆ లైటు వెలుగుతుండగా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు.

సీటు కింద బ్రాకెట్లు మార్చి ఇంకా దించొచ్చా? వెనక్కి జరపొచ్చా?

వీలవుతుంది. జాగ్రత్త పది రెట్లు ఉండాలి. చాలా కార్లలో బెల్టు బకిల్ సీటుకే బిగించి ఉంటుంది. గుద్దుకున్నప్పుడు సీటు బరువుతో పాటు మీ బరువు కూడా ఆ నాలుగు బోల్టుల మీదే పడుతుంది. సీటు బిగింపులు సీటు బరువుకు 20 రెట్ల బలాన్ని తట్టుకునేలా కంపెనీలు పరీక్షిస్తాయి. మీరు చేయించే ముక్క కూడా అంత బలానికీ నిలబడాలి.

వెనక్కి జరపాలంటే స్లైడర్‌కూ ఫ్లోర్‌కూ మధ్య అడాప్టర్ పట్టీ వేస్తారు. 6 మి.మీ. మందం, 40 మి.మీ. వెడల్పు ఉన్న ఎంఎస్ ఫ్లాట్ (మైల్డ్ స్టీల్ పట్టీ) తీసుకుని, బాలానగర్‌లోని ఏ లేత్ షెడ్డులోనైనా డ్రిల్ చేయించొచ్చు. రంధ్రాలు గ్యాస్‌తో కోయనివ్వకండి, చుట్టూ ఇనుము బలహీనపడుతుంది. బోల్టు తల మీద 10.9 (ఎక్కువ బలమున్న రకం) అని ముద్ర ఉండాలి. రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే దొరుకుతాయి. ఈ పట్టీ వేస్తే సీటు 6 మి.మీ. పైకి లేస్తుందన్న సంగతి మర్చిపోవద్దు. కాళ్లు పొడుగైనవాళ్లకు అది ఫర్వాలేదు, నడుం పొడుగైనవాళ్లకు నష్టమే.

సీటు ముందుభాగం 10 మి.మీ. ఎత్తి వంపు తెచ్చుకునే పద్ధతి కూడా ఉంది. ముందూ వెనకా బోల్టుల మధ్య 350 మి.మీ. ఉంటే ఒకటిన్నర డిగ్రీ పైచిలుకు వంపు వస్తుంది, తల 20 మి.మీ. దాకా వెనక్కి పోతుంది, తొడకు ఆసరా పెరుగుతుంది. దీనికి వాషర్లు దొంతరగా పేర్చొద్దు. లేత్‌లో ఒకే ముక్కగా స్పేసర్ చేయించండి. స్పేసర్ ఎంత మందమో బోల్టూ అంత పొడుగు పెరగాలి. ఎం10 (10 మి.మీ. మందం) బోల్టు మరలో కనీసం 15 మి.మీ. దిగాలన్నది మేం పాటించే లెక్క.

ఫ్లోర్ కోసి గుంట చేస్తామనే షెడ్లు ఉన్నాయి. ఎంత తక్కువకు చేసినా వద్దు. ఫ్లోర్‌లోని అడ్డపట్టీలు పక్కనుంచి గుద్దినప్పుడు క్యాబిన్ నలగకుండా ఆపేవి.

రేసింగ్ బకెట్ సీటు వేస్తే సుఖమా?

ఒంటిని గిన్నెలా పట్టి ఉంచే ఈ ఒకే ముక్క సీటుతో తల దగ్గర 40, 50 మి.మీ. కూడా దొరకొచ్చు. కానీ భుజాలు వెడల్పైనవాళ్లు కొనేముందు తప్పకుండా కూర్చుని చూడాలి, సైజులు చాలా తేడాగా ఉంటాయి. వీపు వాలు మార్చలేరు. సీటులోని సైడ్ ఎయిర్‌బ్యాగ్ పోతుంది. స్పీడ్ బ్రేకర్ల దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. రోజూ ఆఫీసుకు నడిపే కారులో మేము సిఫారసు చేయం.

మోకాలు స్టీరింగ్‌కు తగులుతోంది. చిన్న స్టీరింగ్ వేయనా?

లెక్క చూడండి. 370 మి.మీ. స్టీరింగ్ తీసి 350 వేస్తే తొడకు దొరికేది 10 మి.మీ. మాత్రమే, మిగతా పది పైవైపు పోతుంది. ఆ పదింటి కోసం ఎయిర్‌బ్యాగ్ వదులుకోవడం ఏమాత్రం మంచిది కాదు. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారైన కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి కూడా.

అదే కారు పై మోడల్‌లో కింద చదునుగా ఉన్న స్టీరింగ్ వస్తుంటే, దాన్ని ఎయిర్‌బ్యాగ్‌తో సహా కంపెనీ పార్టుగా వేయించుకోవచ్చు. నేరుగా వెళ్లేటప్పుడు తొడకు చోటు దొరుకుతుంది. యూటర్న్‌లో ఆ చదును పైకి పోతుంది కాబట్టి అక్కడ లాభం ఉండదు. ఈ మధ్య చాలా కార్లలో స్టీరింగ్ కాలమ్‌కే (స్టీరింగ్ బిగించి ఉండే కడ్డీకే) పవర్ స్టీరింగ్ మోటరు ఉంటోంది. కాలమ్ బోల్టులు వదిలి వాషర్లు పెట్టే పాత పద్ధతి వాటికి పనికిరాదు.

నిజానికి మోకాలు తగిలేవాళ్లలో ఎక్కువమందికి సీటు ఒక్క మెట్టు వెనక్కి జరిపి, స్టీరింగ్ బయటికి లాగితే తీరిపోతుంది. గేరు పక్కనున్న గట్టి ప్లాస్టిక్‌కు మోకాలు ఒరుసుకుంటుంటే 12 మి.మీ. ఈవీఏ ఫోమ్ (చెప్పుల అడుగుకు వాడే రకం) ముక్కను వెల్‌క్రోతో అంటించండి. స్టీరింగ్ కింద మోకాలి ఎయిర్‌బ్యాగ్ ఉన్న కార్లలో ఆ మూత మీద ఏమీ అంటించొద్దు.

నా షూ సైజు 12. బ్రేక్ తొక్కబోతే క్లచ్ తగులుతోంది.

అడుగు వెడల్పు తక్కువున్న షూ వాడండి, పక్కలకు రబ్బరు పొడుచుకొచ్చే రన్నింగ్ షూ మానేయండి. పెడల్స్ వంచడం, మీద రేకులు బిగించడం వద్దు.

సిగ్నల్ దగ్గర లైటు కనపడక తల వంచి చూడాల్సి వస్తోంది.

కంటి ఎత్తు ముందు అద్దం (విండ్‌షీల్డ్) పైఅంచుకు దగ్గరగా ఉండటమే కారణం. సీటు దించితే ఇదీ తగ్గుతుంది. అప్పటిదాకా స్టాప్ లైన్‌కు రెండు, మూడు మీటర్ల ముందే ఆగండి.

ఇంతకంటే ప్రమాదం వెనక వచ్చేవి చూసుకునే లోపలి అద్దం, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మన కార్లలో డ్రైవర్ కుడివైపు ఉంటాడు. పొడుగు మనిషికి ఆ అద్దం సరిగ్గా కళ్ల ఎదురుగా, ఎడమ ముందు భాగాన్ని మూస్తూ వేలాడుతుంది. కాలనీ మలుపులో ఎడమ నుంచి వచ్చే ఆటో, బైకు పూర్తిగా దాని వెనక దాక్కుంటుంది. రెండు కీళ్లున్న అద్దమైతే కాడను పైకి మడిచి అద్దం తిప్పి పెట్టుకోవచ్చు. గ్లాసుకు గుండీతో అంటించిన రకమైతే అద్దాల షాపులో గుండీ ఊడదీయించి, అద్దం గుండీ కోసమే అమ్మే జిగురుతో 30, 40 మి.మీ. పైన అంటించండి. కెమెరా, వాన సెన్సర్ ఉన్న పెట్టె అక్కడే ఉంటే కదపొద్దు.

టాప్ తెరిచే కారైతే తల సమస్య ఉండదు కదా?

టాప్ మూసినప్పుడు ఉంటుంది, హైదరాబాద్‌లో మూసి నడిపే రోజులే ఎక్కువ. తెరిచినప్పుడు ఇంకొకటి. తల విండ్‌షీల్డ్ ఫ్రేము కంటే పైకి వస్తే ఔటర్ మీద వంద దాటగానే గాలి నుదుటికి కొడుతుంది, దుమ్ము కళ్లలో పడుతుంది. సీట్ల వెనక వల లాంటి విండ్ డిఫ్లెక్టర్ పెడితే వెనక నుంచి తిరిగొచ్చే గాలి ఆగుతుంది, ముందుది ఆగదు.

బోల్తా పడితే కాపాడే బార్ (రోల్ బార్) సీట్ల వెనక ఉంటుంది. విండ్‌షీల్డ్ ఫ్రేము పైఅంచు నుంచి ఆ బార్ పైదాకా చీపురు కర్ర ఆనించి, కింద కూర్చోండి. తల ఆ కర్రకు 50 మి.మీ. కింద ఉండాలి. కొన్ని కార్లలో ఆ బార్లు ప్రమాదంలోనే పైకి లేస్తాయి, వాటికి ఈ పరీక్ష కుదరదు.

ట్రాక్ మీద హెల్మెట్‌తో నడపాలి. ఎంత చోటు కావాలి?

హెల్మెట్ 40 నుంచి 50 మి.మీ. ఎత్తు పెంచుతుంది. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరు ట్రాక్‌కో బయల్దేరే ముందే ఇంట్లో హెల్మెట్ పెట్టుకుని సీటులో కూర్చుని చూడండి. రోల్ బార్ లేని కారులో నాలుగు పట్టీల హార్నెస్ (రెండు భుజాలనూ, నడుమునూ కట్టేసే రేసింగ్ బెల్టు) వాడొద్దు. కారు తిరగబడితే మామూలు బెల్టులో శరీరం పక్కకు ఒరిగే వీలుంటుంది, హార్నెస్ నిటారుగా పట్టి ఉంచి నలుగుతున్న రూఫ్ కిందే తలను ఆపుతుంది.

సీటు దించాక కింద నుంచి వేడి వస్తోంది.

ఫోమ్ పల్చబడింది కాబట్టి ఫ్లోర్ వేడి తెలుస్తుంది. కార్పెట్ లేపి, అల్యూమినియం పూత ఉన్న 5, 6 మి.మీ. హీట్ షీట్‌ను గేర్‌బాక్స్ గట్టు వైపు, సీటు కింద వేయించండి. బోల్టులు కూర్చునే చోట షీటు కోసేయాలి. మెత్తటి షీటు మీద బిగించిన బోల్టు వారంలో వదులవుతుంది.

విదేశాల్లో మియాటాకు చేసే చిట్కాలు ఇక్కడ పనికొస్తాయా?

1989లో వచ్చిన మాజ్దా మియాటా చాలా చిన్న కారు, పొడగరుల కష్టాలకు అదే పెద్ద బడి. ఫోమ్ కోసే పద్ధతి దాని ఓనర్ల వల్లే ఎక్కువ పేరుకెక్కింది, అది ఏ కారుకైనా పనికొస్తుంది. స్టీరింగ్ ముందుకు లాక్కునే వీలు ఆ కారుకు 2019 మోడల్‌తో గానీ రాలేదు, అందుకే వాళ్లు స్టీరింగ్ మార్పుల మీద అంత తిప్పలు పడ్డారు. మీ కారులో ఆ సర్దుబాటు ముందే ఉంటే ఆ భాగం వదిలేయండి.

ఆర్టీఏ, ఇన్సూరెన్స్ వాళ్లతో ఇబ్బంది వస్తుందా?

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖరారు చేసింది. ఫోమ్ సర్దడం వల్ల ఆర్‌సీలో ఏ వివరమూ మారదు. సీట్ల సంఖ్య మార్చడం, ఫ్లోర్ కోయడం వేరే సంగతి. బ్రాకెట్, సీటు మార్పు ఏదైనా చేస్తే ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్‌లో ముందే తెలిపి, జవాబు దాచుకోండి. తీసిన కంపెనీ పార్టులు పారేయొద్దు, అమ్మేటప్పుడు అడుగుతారు.

ఇదే కారు మా ఆవిడ కూడా నడుపుతుంది. ఆమెది ఐదడుగుల రెండు.

అయితే బ్రాకెట్ జోలికి పోకుండా ఫోమ్‌తో ఆపండి. ఆమె నడిపేటప్పుడు ఎత్తు చాలకపోతే సీటు పైకెత్తుకునే లివరు ఉంటుంది. లేని కారులో, జారని అడుగున్న గట్టి కుషన్ వాడొచ్చు, 40 మి.మీ. మించకుండా. ఛాతీకి ఎయిర్‌బ్యాగ్‌కు 25 సెం.మీ. దూరం ఆమెకూ వర్తిస్తుంది.

బిగించాక మళ్లీ చూసుకోవాలా?

చూడాలి. మొదటి 500 కి.మీ. తర్వాత ఒకసారి, ఆ తర్వాత ప్రతి సర్వీసుకూ టార్క్ రెంచ్ పెట్టించండి. బిగించిన రోజే బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదికి పెయింట్ పెన్నుతో ఒకే గీత గీయండి. సీటు జరిపి టార్చి వేసినప్పుడు ఆ గీత విరిగి కనిపిస్తే బోల్టు తిరిగిందన్నమాట. దాన్ని బిగించి వదిలేయకుండా విప్పి, మరలు అరిగాయేమో చూసి, కొత్త బోల్టు వేయించండి.